'రిమోట్', 'అన్‌యూజువల్' అనే మాటలకు బదులు ఆంగ్లంలో ఏ మాటలు వాడవచ్చు?

తలకోన దారి
తిరుపతిలో ఒక చిన్న ప్రయాణ సంస్థ కోసం చుట్టుపక్కల చూడదగిన స్థలాల గురించి ఆంగ్లంలో పరిచయాలు రాస్తున్నాను. తలకోన, గుడిమల్లం, హార్స్‌లీ కొండలు, పులికాట్ సరస్సు, గంగజాతర, శేషాచలం అడవి ఈసారి పుస్తకంలోకి వస్తున్నాయి. ఇవన్నీ ఊళ్లకు దూరంగానో మామూలుకు భిన్నంగానో ఉన్నవే కనుక 'రిమోట్', 'అన్‌యూజువల్' అనే రెండు మాటలు పేజీ పేజీకీ వచ్చి పడుతున్నాయి. అది చూసి మా యజమాని ఫోన్లో పర్యాయపదాల జాబితా తెరిచి, నన్ను అడగకుండానే ఒకచోట 'ఐసొలేటెడ్' అనీ, ఇంకొకచోట 'ఔట్‌లాండిష్' అనీ, మిగిలిన చోట్లన్నింటా 'ఎగ్జాటిక్' అనీ మార్చేశారు. నమూనా ప్రతి చదివిన చెన్నై కుటుంబం ఒకటి ఫోన్ చేసి, ఆడపిల్లలతో తలకోనలో రాత్రి బస చేయడం క్షేమమేనా అని అడిగింది. ఒకే వరుసలో ఉన్న మాటలు ఒకదాని బదులు ఒకటి వాడుకోవడానికే కదా అని ఆయన వాదన. కాదని నాకు తెలుస్తోంది గానీ, ఎందుకు కాదో ఆయనకు నచ్చజెప్పడానికి తగిన ఆధారం కావాలి. ఏ మాట ఎక్కడ పొసగుతుందో తెలిసినవారు వివరించండి.

ఏర్పేడు అయ్యవారు
ఆ కుటుంబం భయపడడం సహజమే. 'రిమోట్' అంటే పట్టణాలకూ పెద్ద రోడ్లకూ దూరంగా ఉందని మాత్రమే అర్థం. అందులో మంచీ లేదు, చెడూ లేదు. 'ఐసొలేటెడ్' అలా కాదు. లాటిన్‌లో ద్వీపాన్ని చెప్పే 'ఇన్సులా' అనే మాట ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా వచ్చి అలా మారింది. తక్కిన లోకంతో సంబంధం తెగి ఒంటరిగా మిగిలిపోయినదనే భావం దానిలో ఇప్పటికీ ఉంది. వరదలో చిక్కుకున్న ఊరికీ, అంటురోగం సోకిన మనిషిని ఉంచే గదికీ వాడే మాటను విహారస్థలానికి తగిలిస్తే చదివేవారి మనసు అటువైపే పోతుంది. మీకు కావలసినది బహుశా 'సిక్లూడెడ్'. దానికి మూలమైన లాటిన్ క్రియకు వేరుగా మూసి ఉంచడమని అర్థం, కానీ నేటి వాడుకలో అది కోరి వెతుక్కునే ఏకాంతం. మూడు మాటలూ జాబితాలో పక్కపక్కనే ఉంటాయి. అయినా మొదటిది దూరాన్ని, రెండవది తెగిన సంబంధాన్ని, మూడవది చాటును చెబుతాయి.

వాన కబురు
అయ్యవారు చెప్పిన 'ఐసొలేటెడ్'కు ఇంకొక వాడుక ఉంది. వాతావరణ శాఖ ప్రకటనల్లో వర్షం 'ఐసొలేటెడ్' చోట్ల పడుతుందని రాస్తే, ఆ ప్రాంతంలోని కేంద్రాలలో 25 శాతం లేదా అంతకన్నా తక్కువ కేంద్రాలలో వాన నమోదు కావచ్చని అర్థం. 26 నుంచి 50 శాతం వరకు 'స్కాటర్డ్' అంటారు. తెలుగు వార్తల్లో మనం వినే 'ఒకటి రెండు చోట్ల' అన్నది ఈ మొదటి మాటకే. అక్కడ ఒంటరితనం లేదు, దిగులూ లేదు, కొలత మాత్రమే ఉంది.

తలకోన దారి
అయ్యవారూ, అలాగైతే తలకోనకు 'రిమోట్' కూడా సరిపోదేమో అనిపిస్తోంది. భాకరాపేట మీదుగా నెరబైలు దాకా మంచి రోడ్డు ఉంది, జలపాతం సమీపం వరకు వాహనాలు వెళ్తాయి, సిద్ధేశ్వరస్వామి గుడికి ఏడాది పొడవునా భక్తులు వస్తారు.

ఏర్పేడు అయ్యవారు
సరిగ్గా పట్టుకున్నారు. ఊరిని 'రిమోట్' అనవద్దు. కొండ మడతలో, చెట్ల చాటున ఉన్న జలపాతాన్ని 'సిక్లూడెడ్' అనవచ్చు. హార్స్‌లీ కొండల మీది విడిది ఇళ్లకూ అదే నప్పుతుంది. మదనపల్లె నుంచి నేరుగా రోడ్డు ఉన్న చోటును మారుమూల అంటే, అక్కడికి వచ్చి చూసినవారు మీ తక్కిన వాక్యాలను కూడా నమ్మరు.

అడవి లెక్క
నాకు అన్నింటికన్నా కష్టం కలిగించినది 'ఎగ్జాటిక్'. మీ యజమాని ఆ మాటను ఎర్రచందనానికి తగిలించలేదు కదా?

తలకోన దారి
తగిలించారండీ. శేషాచలం పేజీలో మొదటి వాక్యమే 'ఎగ్జాటిక్ రెడ్ శాండర్స్' అని మొదలవుతుంది.

అడవి లెక్క
దయచేసి అచ్చుకు ఇచ్చే ముందే తీసివేయించండి. వృక్షశాస్త్రంలో 'ఎగ్జాటిక్' అంటే బయటి దేశం నుంచి తెచ్చిన మొక్క అని అర్థం. గ్రీకులో 'ఎక్సో' అంటే వెలుపల, ఆ మాట పుట్టింది అక్కడే. మన కొండవాలులను కమ్మేస్తున్న లాంటానా ఎగ్జాటిక్, అది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చింది. చెరువు గట్ల మీద ముళ్లతో పెరిగే సర్కారు తుమ్మ ఎగ్జాటిక్, దాని పుట్టిల్లు కూడా అమెరికా ఖండమే. ఎర్రచందనం దీనికి పూర్తిగా వ్యతిరేకం. చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం పాత జిల్లాల కొండల్లోనూ వాటిని ఆనుకుని ఉన్న కొద్ది చోట్లలోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. దానికి శాస్త్రంలో 'ఎండెమిక్' అనే మాట ఉంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో 1995 నుంచి ఈ చెట్టు పేరు ఉంది. 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించడానికి ఇలాంటి స్థానిక జాతులే ముఖ్య కారణం. తిరుమల కొండల్లో పెరిగే పేరీత మొక్క, అంటే సైకాస్ బెడ్డోమీ, కూడా ఈ కోవలోనిదే. ఈ నేల మీదే పుట్టిన చెట్టును పరదేశిగా పరిచయం చేస్తే, అడవిలో దాన్ని గొడ్డళ్ల నుంచి కాపాడుతున్నవారికి అన్యాయం చేసినట్టే.

బస స్టాండు ఎదురుగా
అడవి లెక్క గారి బాధ అర్థమవుతుంది గానీ, నేను ఒక వసతిగృహంలో విదేశీ అతిథులను చూసుకుంటాను. వారిలో ఎవరూ 'ఎగ్జాటిక్'ను వృక్షశాస్త్రంగా చదవరు. దూరదేశపు అందం, కొత్తదనం, చూడాలనిపించే ఆకర్షణ అనే అర్థాలు కూడా నిఘంటువుల్లో ఉన్నాయి. ప్రకటనల్లో ఆ మాట ఆ అర్థంలోనే నడుస్తోంది. సామాన్య పాఠకుల కోసం రాసే పుస్తకాన్ని పరిశోధన పత్రంగా మార్చవలసిన అవసరం లేదు.

అడవి లెక్క
సామాన్య పాఠకుల అర్థం ప్రకారమే చూద్దాం. లండన్‌లో కూర్చున్నవారికి తిరుపతి కొత్త, కాబట్టి వారు ఆ మాట వాడవచ్చు. తిరుపతిలో కూర్చుని, తిరుపతి వారి పేరుతో, మన ఇంటి వెనుక కొండను ఎగ్జాటిక్ అని మనమే ఎలా అంటాం? ఆ మాట వస్తువు గురించి చెప్పే దానికన్నా, మాట్లాడే మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో ఎక్కువగా చెబుతుంది.

బస స్టాండు ఎదురుగా
అతిథి ఎక్కడి నుంచి చూస్తున్నాడో ఆ చోటు నుంచి రాయడం వ్యాపార మర్యాద. ఈ విషయంలో నా అభిప్రాయం మారదు. అయితే ఎర్రచందనం పక్కన ఆ మాట తప్పుడు సమాచారం అవుతుందన్నంత వరకు ఒప్పుకుంటున్నాను.

కోశకారుడు
ఈ చర్చలో 'ఎగ్జాటిక్' ఒక్కటే దోషి కాదని నివేదించాలనుకుంటున్నాను. 'ఔట్‌లాండిష్' పాత ఆంగ్లంలో పరదేశానికి చెందినదని మాత్రమే చెప్పేది. బయటి దేశపు దుస్తులు, అలవాట్లు స్థానికులకు నవ్వు తెప్పించడం వల్ల కాలక్రమంలో అది అర్థంపర్థం లేని వికారాన్ని చెప్పే మాటగా దిగజారింది. 'స్ట్రేంజ్' కూడా లాటిన్‌లో వెలుపలిదనే అర్థమున్న 'ఎక్స్‌ట్రానియస్' నుంచి, పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. అంటే మూడు మాటలూ బయటిది అనే ఒకే గుమ్మం నుంచి బయలుదేరి, ఒకటి ఆకర్షణ వైపు, ఒకటి అపహాస్యం వైపు, ఒకటి అనుమానం వైపు వెళ్లాయి. 'ఎక్సెంట్రిక్' అన్నది ఖగోళ గణితంలో కేంద్రం నుంచి పక్కకు జరిగిన వృత్తానికి వాడిన మాట. 'వియర్డ్' అయితే పాత ఆంగ్లంలో విధి అనే నామవాచకం.
పర్యాయపదాలను భావాల వారీగా గుదిగుచ్చిన ప్రసిద్ధ ఆంగ్ల కోశాన్ని పీటర్ మార్క్ రోజె అనే వైద్యుడు 1852లో మొదటిసారి ప్రచురించారు. మన కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ తెలుగు–ఆంగ్ల నిఘంటువు వెలువడినదీ ఆ ఏడాదే. రోజె ఉద్దేశం రాసేవారికి తలపులో మెదిలి నోటికి రాని మాటను గుర్తుచేయడం. ఒక వరుసలోని మాటలన్నీ ఒకే తూకం ఉన్నవని చెప్పడం కాదు. మీ యజమాని గారికి ఈ సంగతి చెప్పి చూడండి.

ఏర్పేడు అయ్యవారు
కోశకారుడు గారి వివరాలు విలువైనవే గానీ, మూలార్థాన్ని పట్టుకుని నేటి వాడుకను తీర్పు చెప్పడం మంచిది కాదు. 'క్వెయింట్' అన్న మాటకు మూలం లాటిన్‌లో తెలిసినది అనే అర్థమున్న మాట. ఇవాళ దాని అర్థం పాతకాలపు ముచ్చట గొలిపే వింతదనం. మూలాన్ని నమ్ముకుని ఎవరైనా దాన్ని బాగా తెలిసిన చోటుకు వాడితే చదివేవారు అయోమయంలో పడతారు. మాట ఈరోజు ఎవరి సరసన కూర్చుంటోందో చూడాలి.

కోశకారుడు
ఆ హెచ్చరిక న్యాయమైనదే. అయినా పాత అర్థపు వాసన కొన్ని మాటలను విడిచిపోదు. మీరే 'ఐసొలేటెడ్' విషయంలో ద్వీపాన్ని ప్రస్తావించారు.

జాతర వాకిలి
గంగజాతర పేజీలో ఏ మాట ఉందో ఎవరూ అడగలేదు. మా ఇంట్లో తరతరాలుగా తాతయ్యగుంట గంగమ్మకు వేషం కట్టే మొక్కు ఉంది కనుక నేను అడుగుతున్నాను.

తలకోన దారి
నేను 'అన్‌యూజువల్ ఫోక్ ఫెస్టివల్' అని రాశాను. దాన్ని 'ఔట్‌లాండిష్' అని మార్చారు. కింద బొమ్మ దగ్గర 'బిజార్' అని కూడా చేర్చారు.

జాతర వాకిలి
ఆ 'బిజార్' అన్న మాటను ఆంగ్ల పత్రికల్లో, వీడియోల శీర్షికల్లో ప్రతి మే నెలలో చూస్తూనే ఉన్నాను, చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. వారికి కనిపించేది ఏమిటో, మాకు తెలిసినది ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను.
బైరాగి వేషం నాడు మా అమ్మ నామకొమ్మును నీళ్లలో అరగదీసి చిక్కని పూత చేస్తుంది. మా నాన్న పొద్దున్నే తలారా స్నానం చేసి, వాకిట్లో కదలకుండా నిలబడతాడు. నుదుటి నుంచి పాదాల వరకు పూసి ముగించేసరికి మొదట పూసిన భుజాల మీద అది ఆరి, చర్మం బిగుసుకుని, సన్నటి పగుళ్లు వస్తాయి. అందుకే అమ్మ మళ్లీ తడిచేత్తో భుజాలు సవరిస్తుంది. మెడలో పూలదండ, చేతిలో వేపమండలు పట్టుకుని అప్పుడు గుడికి బయలుదేరతాడు. బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి చందనం పూస్తారు. ఏ రోజు ఏ రంగు అన్నదానికి నియమం ఉంది, ఏ రోజు ఏ వేషం అన్నదానికి కథ ఉంది. మగవారు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని అమ్మవారికి మొక్కు తీర్చుకోవడం కూడా ఆ కథలోని భాగమే. గంగమ్మను వెంకన్నకు చెల్లెలిగా తలుస్తారు కనుక జాతరకు కొండ మీద నుంచి సారె వస్తుంది. ఇంత క్రమం ఉన్న దాన్ని క్రమం తప్పిన పిచ్చి చేష్టగా చెప్పే మాట 'బిజార్'. చూసేవారికి తెలియదని ఒప్పుకోవలసిన చోట, చేసేవారికి మతి లేదని చెబుతోంది.

గడప కాడ
ఈ ఒక్క సమాధానాన్నే యథాతథంగా ఆంగ్లంలోకి మార్చి ఆ పేజీలో వేయవచ్చు. విశేషణమే అక్కరలేదు.

శీర్షిక వాడు
నేను ఒక ఆంగ్ల పత్రికకు చిత్తూరు నుంచి వార్తలు పంపుతాను. జాతర వాకిలి గారి ఆవేదనను గౌరవిస్తూనే, లోపలి ఇబ్బంది ఒకటి చెప్పాలి. శీర్షికకు ఇచ్చే చోటు వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఆంగ్లంలో 'ఆడ్' మూడక్షరాలు, 'రేర్' నాలుగు, 'బిజార్' ఏడు, 'ఎక్స్‌ట్రార్డినరీ' పదమూడు. పొద్దుపోయాక పేజీ కట్టేవారు చోటుకు సరిపోయే మాటను తీసుకుంటారు. అందులో ద్వేషం లేదు.

జాతర వాకిలి
ద్వేషం ఉందని నేను అనలేదు. 'వివిడ్' అని రాస్తే ఐదక్షరాలే అవుతుంది, రంగుల జాతరకు అది అబద్ధమూ కాదు.

ఏర్పేడు అయ్యవారు
'వివిడ్' చక్కగా ఉంది. తెలియనితనాన్ని చూసేవారి వైపే ఉంచాలంటే 'అన్‌ఫెమిలియర్' అనే మాట ఉంది. 'ఇక్కడి ఆచారాలు కొత్తవారికి పరిచయం లేనివి' అని చెప్పినట్టు అవుతుంది, అందులో ఎవరికీ నొప్పి కలగదు. 'వియర్డ్', 'బిజార్', 'ఔట్‌లాండిష్' మూడూ తీర్పులు. తెలుగులో కూడా 'వింత చూద్దాం రండి' అంటే ఎవరూ నొచ్చుకోరు. 'విడ్డూరం కాకపోతే ఏమిటిది' అంటే నొచ్చుకుంటారు.

శీర్షిక వాడు
'వివిడ్'ను రాసిపెట్టుకున్నాను. వచ్చే జాతరకు మా కార్యాలయంలో దీన్నే ప్రతిపాదిస్తాను.

కోన పల్లె
స్థలాల గురించి, పండుగల గురించి మాట్లాడారు. మనుషుల సంగతి కూడా చూడండి. శేషాచలం కింది ఊళ్లలో యానాదుల కాలనీలు ఉన్నాయి. అడవి బాటల గురించి వారికి తెలిసినంత ఎవరికీ తెలియదు, తేనె, చెట్టుచేమల విషయంలో వారి మాటే ప్రమాణం. అలాంటివారిని ప్రయాణ పుస్తకాల్లో 'ప్రిమిటివ్' అనీ, 'క్వెయింట్' అనీ రాయడం చదివాను. ఇంటి ముందు అరుగును, సందు చివరి పెంకుటింటిని 'క్వెయింట్' అనండి, అభ్యంతరం లేదు. బతికి ఉన్న మనుషులను ఆ మాట బొమ్మలుగా మార్చేస్తుంది. కేంద్ర ప్రభుత్వమే 2006లో 'ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్స్' అనే పేరును వదిలి 'పర్టిక్యులర్లీ వల్నరబుల్ ట్రైబల్ గ్రూప్స్' అని మార్చింది. యానాదులు ఆ జాబితాలో లేరు, వారు షెడ్యూల్డ్ తెగ. ప్రభుత్వం వదిలేసిన మాటను పుస్తకాలు ఎందుకు మోస్తున్నాయో నాకు తెలియడం లేదు.

తలకోన దారి
మా పుస్తకంలో అలాంటి మాట లేదు, రానివ్వను. బాట చూపించేవారిని 'లోకల్ గైడ్స్' అనే రాశాను.

కోన పల్లె
అది సరైన మాట. వారు చేసే పనికి పేరు పెట్టారు.

గడప కాడ
జాబితాలో 'గాడ్‌ఫర్సేకెన్' అనే మాట కూడా ఉంటుంది జాగ్రత్త. దేవుడు విడిచిపెట్టిన చోటు అని దాని అర్థం. ఏడుకొండల చుట్టుపక్కల ఏ ఊరికి అది అంటించినా ఆ ఊరివారు ఊరుకోరు.

కోశకారుడు
దాని పక్కనే 'బూన్‌డాక్స్' ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే టగాలోగ్ భాషలో 'బుండోక్' అంటే కొండ. అక్కడ పనిచేసిన అమెరికా సైనికులు దాన్ని మారుమూలకు మారుపేరుగా ఇంటికి తీసుకెళ్లారు. ఆ భాషలో కొండ కొండే, అందులో చిన్నచూపు లేదు. చిన్నచూపు దిగుమతి చేసుకున్నవారు కలిపినది. 'ఫార్-ఫ్లంగ్' గురించి ఎవరూ అనలేదు. కేంద్రం నుంచి నలుదిక్కులా విసిరేసినట్టు చెదిరిన చోట్లకు అది నప్పుతుంది. ఒకే ఒక జలపాతానికి అంతగా కుదరదు.

గుడిమల్లం గజపృష్ఠం
గుడిమల్లం పేజీలో ఏమి రాశారో చెప్పగలరా?

తలకోన దారి
'యాన్ అన్‌యూజువల్ అండ్ యూనిక్ లింగ' అని రాశాను. యజమాని 'వెరీ యూనిక్' అని పెంచారు.

గుడిమల్లం గజపృష్ఠం
అయ్యవారు 'వెరీ యూనిక్' సంగతి చూసుకుంటారు కాబట్టి నేను లింగం సంగతి చెబుతాను.
ఏర్పేడు దగ్గర స్వర్ణముఖి పరీవాహకంలో ఉన్న ఆ పరశురామేశ్వరాలయానికి వెళ్లినవారు ముందుగా గమనించేది గర్భగుడి నేల దిగువన ఉండడం. మెట్లు దిగినట్టుగా చూపు కిందికి వెళ్లాలి. ఇంచుమించు ఐదడుగుల ఎత్తున, నున్నగా మెరుగు పెట్టిన ముదురు రంగు రాయి నిలబడి ఉంటుంది. దాని ముందుభాగం మీద నిలుచున్న పురుషమూర్తి ఉబ్బెత్తుగా చెక్కబడి ఉంటాడు. ఒక చేతిలో పొట్టేలును పట్టుకుని, ఇంకొక చేతిలో చిన్న పాత్ర ధరించి, భుజం మీద పరశువు ఆనించుకుని ఉంటాడు. పాదాల కింద ఒంగి మోస్తున్న యక్షుడు ఉంటాడు. కట్టుకున్న పంచె ఎంత పలుచగా చెక్కారంటే గుడ్డ మడతలు కనిపిస్తాయి గానీ ఒంటి ఆకృతిని దాచవు. పైన విమానం ఏనుగు వెనుకభాగంలా గుండ్రంగా తిరుగుతుంది, గజపృష్ఠం అంటారు. లింగాన్ని క్రీస్తుపూర్వపు శతాబ్దాలదని చాలామంది పండితులు భావిస్తారు. ఇప్పటికీ పూజలందుకుంటున్న అతి ప్రాచీన శివలింగాలలో అది ఒకటి.
ఇంత చెప్పాక 'అన్‌యూజువల్' అని రాస్తే కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఏమీ చెప్పకుండా 'అన్‌యూజువల్' అని రాసినా తెలిసేది ఏమీ లేదు. పర్యాయపదం కోసం వెతుకుతున్నామంటే చాలాసార్లు వస్తువును ఇంకా చూడలేదనే అర్థం. పొట్టేలు, పరశువు, యక్షుడు అని మూడు నామవాచకాలు రాయండి, చదివేవారే అబ్బురపడతారు.

తలకోన దారి
మీరు చెప్పినది మనసుకు పట్టింది. కానీ ఒక్కొక్క స్థలానికి నాకు ఇచ్చిన చోటు ఒక చిన్న పేరా మాత్రమే, అందులోనే బస్సు వివరాలు కూడా రావాలి. విశేషణం ఒక్క మాటలో పని ముగిస్తుందనే దాన్ని ఆశ్రయిస్తున్నాను.

బస స్టాండు ఎదురుగా
ఇక్కడ నేను తలకోన దారి గారి పక్షం. అతిథులు పేజీ తిరగేస్తూ ఒక్క చూపు చూస్తారు. ఆ చూపును ఆపే మాట ఒకటి ముందు ఉండాలి, నామవాచకాలు ఆ తరువాత వస్తాయి. విశేషణాలన్నీ తీసేస్తే అది రెవెన్యూ రికార్డు అవుతుంది.

గుడిమల్లం గజపృష్ఠం
ఒక విశేషణం మిగుల్చుకోండి, అది వస్తువుకు మాత్రమే చెందినదై ఉండాలి. 'ఏన్షియంట్' అన్నది నిజం, కొలవగలిగినది. 'అన్‌యూజువల్' ఎన్ని పేజీలకైనా అతుకుతుంది కనుక ఏ పేజీకీ చెందదు.

ఏర్పేడు అయ్యవారు
'వెరీ యూనిక్' గురించి. 'యూనిక్' అంటే ఒకే ఒక్కటి. అది హెచ్చుతగ్గులు లేని మాట కనుక ముందు 'వెరీ' చేర్చవద్దని పాఠశాలల్లో చెబుతాం. మాటల్లో చాలామంది చేరుస్తారు, కానీ అచ్చులో కనబడితే శ్రద్ధగా చదివేవారు ఆగిపోతారు. నిజంగా సాటిలేనిదని చెప్పాలంటే 'అన్‌పారలల్డ్' వాడవచ్చు, దానికి రుజువు చూపగలగాలి. మెత్తగా చెప్పాలంటే 'డిస్టింక్టివ్' చాలు. మిగతావాటి నుంచి వేరుగా గుర్తుపట్టగలం అని మాత్రమే అది చెబుతుంది.

కలివికోడి
పక్షుల పేజీ గురించి ఒక మాట. 'రేర్', 'ఎల్యూసివ్' అన్న రెండింటినీ కలిపేస్తుంటారు. 'రేర్' అంటే సంఖ్యలో తక్కువ. 'ఎల్యూసివ్' అంటే ఉన్నా కంటికి చిక్కనిది. పక్కనే కడప జిల్లాలోని కలివికోడి రెండూ అవుతుంది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షి కావడం, ముళ్లపొదల్లో ఒదిగి ఉండడం దాన్ని చూడలేకపోవడానికి కారణాలు. పులికాట్‌లో వేలకొద్దీ దిగే రాజహంసలను 'రేర్' అనడం పొరపాటు. వాటిని 'మైగ్రేటరీ' అనండి. నేలపట్టులో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు అక్కడే పిల్లలను పెంచుతాయి కనుక వాటిని అతిథులుగా మాత్రమే పరిచయం చేయకండి.

తలకోన దారి
పులికాట్ పేజీలో 'ఎగ్జాటిక్ బర్డ్స్' అని ఉంది. దాన్ని కూడా తీసేస్తున్నాను.

బస స్టాండు ఎదురుగా
పక్షుల దగ్గర ఆ మాట ఉంచితే నష్టం లేదని నా అభిప్రాయం. అవి నిజంగానే బయటి నుంచి వస్తున్నాయి కదా.

కలివికోడి
రాజహంసలు మన దేశంలోనే కచ్ రణంలో పెద్ద ఎత్తున గూళ్లు పెడతాయి. గుజరాత్ నుంచి వచ్చినవారిని మనం విదేశీయులు అనం.

పలమనేరు పరీక్ష
నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ఈ మాటలన్నీ పరీక్షలో సమానార్థకాలుగా ఒకే ప్రశ్నలో ఇస్తారు. 'స్ట్రేంజ్'కు దగ్గరి అర్థం ఏది అంటే 'ఆడ్', 'పెక్యులియర్' రెండూ ఉంటాయి. ఇక్కడ చెప్పినంత తేడా గుర్తుపెట్టుకోవడం ఎలా?

ఏర్పేడు అయ్యవారు
నాయనా, జాబితాగా బట్టీ పట్టవద్దు, జంటలుగా గుర్తుపెట్టుకో. 'రిమోట్' పక్కన 'ఛాన్స్' పెడితే దూరం పోయి అవకాశం చాలా తక్కువనే అర్థం వస్తుంది. 'ఐసొలేటెడ్' పక్కన 'కేస్' పెడితే మళ్లీ మళ్లీ జరగని ఒకే ఒక్క సంఘటన అవుతుంది. 'ఆడ్' పక్కన 'నంబర్' పెడితే బేసి సంఖ్య, 'ఫార్టీ' తరువాత పెడితే నలభై పైచిలుకు. 'పెక్యులియర్' ఒంటరిగా ఉంటే విచిత్రమైనది, దాని వెనుక 'టు' వస్తే ఆ చోటుకే ప్రత్యేకంగా చెందినది. పరీక్షలో రెండూ సరిగా తోచినప్పుడు, ఇచ్చిన వాక్యంలో పక్క మాటను చూస్తే జవాబు దొరుకుతుంది.

కోశకారుడు
'పెక్యులియర్'కు మూలం లాటిన్‌లో సొంత ఆస్తిని చెప్పే మాట, దానికి మూలం పశుసంపదను చెప్పే మాట. ఒకరి సొంతమైనది అన్న పాత అర్థం ఆ 'టు'తో కలిసిన వాడుకలో చెక్కుచెదరకుండా నిలిచి ఉంది.

తలకోన దారి
అయితే ఎర్రచందనం వాక్యానికి దారి దొరికినట్టే. 'ఎండెమిక్' అంటే మా పాఠకులలో కొందరికి రోగాల పేరులా వినిపిస్తుందని యజమాని అన్నారు. 'ఎ ట్రీ పెక్యులియర్ టు ది శేషాచలం హిల్స్' అని రాస్తే సామాన్యులకు అర్థమవుతుంది, శాస్త్రానికీ భంగం ఉండదు. గుడిమల్లానికి 'ఏన్షియంట్' ఉంచి పొట్టేలు, పరశువు, యక్షుడు చేర్చాను. తలకోనకు 'సిక్లూడెడ్'. జాతరకు 'వివిడ్' రాసి, దాని తరువాత నాలుగు వేషాల పేర్లు, పూసే రంగులు వరుసగా ఇచ్చాను. వీటికి ఆయన కూడా ఒప్పుకున్నారు.

జాతర వాకిలి
వేషాల పేర్లను ఆంగ్లంలోకి మార్చకుండా మన పేర్లతోనే ఉంచండి.

తలకోన దారి
అలాగే ఉంచాను.

అడవి లెక్క
'పెక్యులియర్ టు' మంచి ఎంపిక. ఒక్క సవరణ మాత్రం చేయాలి. ఎర్రచందనం శేషాచలంలోనే కాక పాలకొండలు, లంకమల, వెలిగొండల్లో కూడా సహజంగా పెరుగుతుంది. 'శేషాచలం హిల్స్' అన్న చోట 'సదరన్ ఈస్టర్న్ ఘాట్స్' అని రాయండి.